బొమ్మ ఉచితం, సలహాకు బిల్లు

సొంతంగా బొమ్మలేసుకుని బతికే మన ఆర్టిస్టులందరూ ఒక పెద్ద పొరపాటు చేస్తున్నారని నా గట్టి నమ్మకం. వాళ్లు బొమ్మకు డబ్బు తీసుకుంటున్నారు. సైజును బట్టి ఒకరు, గంటల లెక్కన ఒకరు, పెళ్లి కార్డు మీద కారికేచర్ అయితే తలకింతని ఒకరు రేటు చెబుతారు. తలకింత అనేసరికి పెళ్లివారు తలలు తగ్గిస్తారు. ముందు తాతగారు పోతారు, తర్వాత మేనత్త పోతుంది, చివరికి వధూవరులూ ఒక కుక్కపిల్లా మిగులుతారు. అప్పుడు కుక్కకు సగం రేటు వేసుకోమని కొత్త బేరం మొదలవుతుంది. ఇంత యాతన ఎందుకు? నా ప్రతిపాదన తేలిక. బొమ్మ ఉచితంగా ఇచ్చేయాలి, సలహాకు డబ్బు తీసుకోవాలి. ‘ఆ చీర రంగు మారిస్తే బాగుంటుందేమో’ అన్నవాళ్లకు ఒక రేటు. ‘ఏదో తగ్గింది, ఏమిటో చెప్పలేకపోతున్నా’ అన్నవాళ్లకు దానికి మూడింతలు. వెటకారానికి అంటున్నానని అనుకోవద్దు. ఏ వ్యాపారంలోనైనా ఖర్చు ఎక్కడ అవుతోందో ధర అక్కడ వేస్తారు. ఈ ఒక్క వృత్తిలోనే ఖర్చు ఒకచోట, ధర ఇంకోచోట ఉన్నాయి.

ఖర్చు ఎక్కడవుతోందో చూద్దాం. ఈ రోజుల్లో ఇంట్లో కూర్చుని బొమ్మలేసేవాళ్ల చేతికి వచ్చే పనులు ఇవీ: పెళ్లి శుభలేఖ మీద జంట, సీమంతం ఆహ్వానం, అమెరికాలో ఓణీల ఫంక్షన్‌కి బ్యానరు, యూట్యూబ్ చానల్‌కి థంబ్‌నెయిల్, పిల్లల కథల పుస్తకం, కొత్తగా పెట్టిన పచ్చళ్ల కంపెనీ సీసా మీదకి ఒక బామ్మ. ఆ బామ్మనే తీసుకుందాం. ఆర్టిస్టు ఒక పూటలో వేసేస్తాడు, బామ్మను చూడకుండా పెరిగినవాడెవడు? కానీ ఆ బామ్మ సీసా ఎక్కడానికి రెండు నెలలు పడుతుంది. యజమానికి బామ్మ సంప్రదాయంగా ఉండాలి. మార్కెటింగ్ చూసే కుర్రాడికి బామ్మ ఇప్పటి పిల్లలకు నచ్చేలా ఉండాలి. యజమాని భార్యకు ఎలా ఉన్నా ఫరవాలేదు గానీ, వాళ్ల అత్తగారిలా మాత్రం ఉండకూడదు. పెట్టుబడి పెట్టిన బావమరిది, అసలు బామ్మ ఎందుకు, మిరపకాయకే కళ్లజోడు పెడితే పోలా అంటాడు. ఈలోగా బామ్మ ముక్కుపుడక కుడి నుంచి ఎడమకూ ఎడమ నుంచి కుడికీ ప్రయాణిస్తుంది. ముడతలు తగ్గుతాయి, మరీ కోడలిలా ఉందని మళ్లీ పెరుగుతాయి. చివరికి అచ్చయ్యేది మొదటి రోజు వేసిన బామ్మే. అంటే గీతకు పట్టింది ఒక పూట, అభిప్రాయాలకు పట్టింది రెండు నెలలు. ఆర్టిస్టు ఆ ఒక్క పూటకు బిల్లు రాసి, రెండు నెలలూ దానం చేసేస్తున్నాడు.

పెళ్లి బొమ్మల సంగతి ఇంకా విచిత్రం. అడిగేది కారికేచర్. అంటే ఉన్న ముక్కును ఇంకాస్త పెంచి చూపే విద్య. ఆ శాస్త్రాన్ని పెళ్లికూతురి తల్లికి వివరించగలిగిన ఆర్టిస్టు ఇంకా పుట్టలేదు. బొమ్మ చూస్తే నవ్వు రావాలి, ఎవర్నీ చూసి నవ్వినట్టు ఉండకూడదు. అబ్బాయి పొడుగ్గా ఉండాలి, అమ్మాయి పొట్టిగా కనిపించకూడదు, ఇద్దరూ పక్కపక్కనే నిలబడి ఉండాలి. ఇవన్నీ ఎలాగో కుదిరిన వేళకు, మనకు అర్ధరాత్రి, డాలస్‌లో ఉన్న మేనమామగారికి మిట్టమధ్యాహ్నం. ఆయన భోజనం చేస్తూ ఫోన్లో బొమ్మను బొటనవేలంత సైజులో చూసి, తాళిబొట్టు సరిగ్గా కనిపించడం లేదని రాస్తారు. పెళ్లి ఇంకా కాలేదు కదండీ అని తెల్లారి జవాబిస్తే, ఆయనకు రాత్రి అవుతుంది, నిద్రపోతారు. ఈ పనిలో కరెక్షన్లకు ముగింపు పలికే అధికారం ఒక్క పంచాంగానికే ఉంది. ముహూర్తం దగ్గరపడి కార్డు ప్రెస్సుకు వెళ్లకపోతే, కొన్ని బొమ్మలు షష్టిపూర్తి దాకా సాగేవి.

పూర్వం ఇలా లేదని నేను అనను. అప్పుడూ చాలావరకు ఇలాగే ఉండి ఉంటుంది, నోళ్లు తక్కువ, అంతే. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామ సంగతి చూడండి. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, ఆచార్య, చిత్రా బొమ్మలు, 1952లో చేరిన శంకర్ వేసిన విక్రమార్కుడు – వీటిని చూసి ఎన్ని తరాలు చదువు నేర్చాయో. శంకర్ నెలజీతం మనిషి, మన లెక్కలో ఫ్రీలాన్సరు కాడు, ఒప్పుకుంటాను. నేను చెప్పేది ఆ బొమ్మకు ఎంతమంది పెద్దలున్నారన్నది. శవాన్ని భుజాన వేసుకుని, చేత కత్తి పట్టుకుని, శ్మశానంలో నడిచే రాజు బొమ్మ నెలనెలా దశాబ్దాల పాటు వచ్చింది. అదే బొమ్మ ఈ రోజు ఒక కంపెనీ చేయిస్తే, ముందుగా ఏడుగురున్న వాట్సాప్ గ్రూపు పుడుతుంది. శవం ముఖంలో కొంచెం పాజిటివ్‌నెస్ కావాలని ఒకరు, పిల్లల పత్రికలో కత్తి దేనికి, టార్చిలైటు పట్టించమని ఒకరు, రాణిగారు కూడా పక్కన నడిస్తే ఫ్యామిలీ ఆడియన్స్ వస్తారని ఒకరు, చెట్టుకు వేలాడుతున్నచోట మన లోగో పెట్టొచ్చు కదా అని ఒకరు. నాలుగో రౌండు కరెక్షన్లకే భేతాళుడు, రాజుగారికి మౌనభంగం కాకపోయినా, తనంతట తానే చెట్టెక్కేసేవాడు.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. డబ్బిచ్చేవాడికి నోరు విప్పే హక్కు లేదా? చొక్కా కుట్టించుకునేవాడు చేతులు పొట్టిగా ఉన్నాయని చెప్పకూడదా? తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఆ చొక్కాలో దూరబోయేది అతనే. నా వాదనంతా ఆ దూరడం మీదే ఆధారపడి ఉంది. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు వేసే పటాలు చూడండి. వాటిని వేయించుకునేది కథ చెప్పే కులాలవారు: పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు కథ చెప్పే కాకిపడగలవారు, ఇంకా అలాంటివారు. ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఆరబెట్టి, ఎర్రటి నేల మీద వరసలు వరసలుగా బొమ్మలు వేస్తారు. పాత పటాలు నలభై అడుగులు, ఆ పైన కూడా పొడవుండేవి. ఇది పక్కా ఆర్డరు పని. వేయించుకునేవాడు వచ్చి నాకీ కథ కావాలంటాడు, ఏ ఘట్టం తర్వాత ఏ ఘట్టమో, ఎవరి ఒంటికి ఏ రంగో పట్టుబట్టి చెబుతాడు. అది దబాయింపు కాదు. రేపటి నుంచి ఆ పటం చుట్ట మోసుకుని ఊరూరా తిరిగేది అతను. జనం మధ్య గడి తర్వాత గడి విప్పుతూ కథ నడిపేది అతను. బొమ్మ తప్పితే కథ తడబడుతుంది, నవ్వులపాలయ్యేదీ అతనే. పటం చిరిగి పనికిరాకుండా పోయినా దాన్ని చెత్తలో పారేయరు, మర్యాదచేసి నీళ్లలో వదులుతారు. బొమ్మతో అంత కాలం కాపురం చేసేవాడి మాటకు డబ్బడగడం పాపం. ఆ మాట ఉచితం. అలా చూస్తే రేట్ల పట్టిక దానంతటదే తయారవుతుంది: మనిషి ఆ బొమ్మతో ఎంత ఎక్కువ కాలం గడుపుతాడో, అతని సలహా అంత చవక. బొమ్మను ఒక్కసారి చూసి పోయేవాడి సలహా ఖరీదు. అసలు చూడకుండానే చెప్పేవాడిది అన్నిటికంటే ఖరీదు.

చూడకుండా చెప్పేవాళ్లుంటారా అని అనుమానపడేవాళ్లను లేపాక్షికి వెళ్లి రమ్మంటాను. గుడి పైకప్పు నిండా విజయనగర కాలపు చిత్రాలు, తలెత్తి చూసి చూసి మెడ పట్టేస్తుంది. కట్టించింది రాజుగారి ఖజానా చూసే విరూపణ్ణ. రాజు ఊళ్లో లేనప్పుడు ఖజానా సొమ్ము అనుమతి లేకుండా గుడికి తగలేశాడని ఎవరో చెవిలో వేశారట. రాజు అది విని కళ్లు తీయించమన్నాడట. ఆ శ్రమ రాజుగారికి ఎందుకని విరూపణ్ణే పీకి గోడకు కొట్టాడట. ఇదిగో మరకలని ఇప్పటికీ ఎర్రటి గుర్తులు రెండు చూపిస్తారు. ఐతిహ్యమే కావచ్చు. కానీ మన దేశంలో ఆడిట్ అభ్యంతరం గురించి ఇంతకన్నా నమ్మదగిన కథ నేను వినలేదు. పని చూడనివాడి అభిప్రాయం ఖరీదు రెండు కళ్లు. దీనికి విరుగుడు కూడా చరిత్రలోనే ఉంది, కాకపోతే వెనిస్‌లో ఉంది. 1573లో పావొలో వెరొనీజ్ ఒక మఠం భోజనశాలకు ఏసుక్రీస్తు కడరా భోజనం బొమ్మ వేశాడు. అందులో విదూషకుణ్నీ, మరుగుజ్జుల్నీ, ముక్కులోంచి రక్తం కారుతున్న నౌకరునూ, జర్మన్ సైనికుల్నీ పెట్టాడు. మతవిచారణ సభవారు పిలిచి, ఇదేం బొమ్మ అని నిలదీసి, మూడు నెలల్లో నీ ఖర్చుతో సరిచేయమన్నారు. వెరొనీజ్ బొమ్మ జోలికి పోలేదు. పేరు మార్చాడు. కడరా భోజనం కాస్తా లేవీ ఇంట్లో విందు అయింది, అందరూ ఇళ్లకు వెళ్లారు. పచ్చళ్ల బామ్మ విషయంలో కూడా ఈ కిటుకు పనిచేస్తుందని నా అంచనా: ఎడిట్ చేసినట్టు కొత్త ఫైలు పేరు పెట్టి అదే బొమ్మ పంపితే, ఇప్పుడు ప్రాణం వచ్చిందంటారు.

రెండో అభ్యంతరం గోడల దగ్గర వస్తుంది. కాలనీ గోడ, బడి గోడ, ఫ్లైఓవర్ స్తంభం – ఇవి అందరి కోసం వేసే బొమ్మలు. చాలాసార్లు ఆర్టిస్టుకు రంగు డబ్బాల ఖర్చు దక్కితే గొప్ప. కస్టమరే లేనిచోట సలహాకు ఎవరికి బిల్లు ఇస్తావు అంటారు. నిజానికి నా సిద్ధాంతం గట్టిగా నిలబడేది ఈ గోడల మీదే. 2016లో 73 నగరాలతో స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీ మొదలయ్యాక, మన మున్సిపాలిటీలకు గోడ కనిపిస్తే చాలు రంగు వేయాలనిపిస్తోంది. కళ్లూ ముక్కూ ఉన్న చెత్తబుట్ట, కన్నీరు పెట్టుకున్న భూగోళం, రెండు దోసిళ్లలో మొలకెత్తిన మొక్క. నిజం చెత్తబుట్ట మాత్రం పక్కన ఉండదు, అది బొమ్మకు అడ్డమని తీసేసి ఉంటారు. అదే ఏడాది హైదరాబాద్‌లో రాజ్‌భవన్ దగ్గరి ఎం.ఎస్.మక్తాలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు ఆర్టిస్టులను పిలిచి, జనం కాపురముంటున్న ఇళ్ల గోడల మీదే పెద్ద పెద్ద బొమ్మలు వేయించారు. గోడ పని స్టూడియో పని లాంటిది కాదు. ముందు పాత పోస్టర్లు గీకాలి, పెచ్చులూడిన చోట లప్పం పెట్టాలి, ప్రైమర్ కొట్టాలి, చిన్న స్కెచ్‌కు గళ్లు గీసి గోడ మీద ఆ గళ్లను పెద్దవి చేసుకోవాలి, సారువ ఎక్కి దిగుతూ ఎండలో వేయాలి. మెడ మీద సూర్యుడు, కింద జనం. ఆ జనంలో ప్రతివాడూ విమర్శకుడే.

ఆ విమర్శకుల్లో ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న మనిషి ఉంటాడు. ‘అన్నా, ఒంగోలు గిత్తకు మూపురం అంత వెనక్కి ఉండదే’ అంటాడు గ్లాసులు కడుగుతూ. మూపురం నిజంగానే వెనక్కి పోయి ఉంటుంది. ఆర్టిస్టు దాన్ని ఇంటర్నెట్ ఫొటోలో చూసి వేశాడు, అతను చిన్నప్పుడు దాని వెనక నడిచాడు. పైగా ఆ గోడ ముందు అతను ఇంకో పదేళ్లు కూర్చోవాలి, తప్పుడు మూపురాన్ని రోజుకు వెయ్యిసార్లు చూడాలి. అతని సలహా ఉచితం, వీలైతే ఎదురు డబ్బివ్వాలి. తర్వాత ఒక నాయకుడి అనుచరుడు వస్తాడు. గిత్త బాగుంది గానీ ఆ మూల అన్నగారి ఫొటో, పండగ శుభాకాంక్షలు పడాలంటాడు. అన్నగారు ఆ వీధిలోకి మళ్లీ ఎన్నికలప్పుడే వస్తారు కాబట్టి, ఆ సలహాకు అయిదేళ్ల అద్దె వసూలు చేయాలి. చివరగా తనిఖీకి వచ్చిన అధికారి కారు అద్దం దించి, నీలం కొంచెం తగ్గించమంటారు. ఎంత తగ్గించాలో చెప్పరు, అద్దం ఎక్కుతుంది. ఆ నీలానికి పడే బిల్లుతో పక్క వీధి గోడ కూడా పూర్తవ్వాలి. అందరి మాటా వింటే గోడ మీద ఏ రంగూ మిగలదు కదా అని అడగొచ్చు. వినడం ఉచితమన్నాను, పాటించడం ఉచితమని అనలేదు. టీ కొట్టాయన కూడా మూపురం గురించి చెప్పినప్పుడు పాటించాలి, గిత్తకు సినిమా హీరో మీసాలు పెట్టమన్నప్పుడు ఇంకో టీ తాగి ఊరుకోవాలి.

మన వీధుల్లో కమిటీ లేకుండా నడిచే కళ లేకపోలేదు. తెల్లారగట్ల వాకిట్లో పడే ముగ్గును ఎవరూ ఆర్డరివ్వరు, ఎవరూ అప్రూవ్ చేయరు. మొదటి సైకిలు పోయేసరికి విమర్శ కూడా పూర్తవుతుంది. సంక్రాంతి ముగ్గుల పోటీ పెట్టి న్యాయనిర్ణేతల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాకే ఆ వీధిలో తగవులు మొదలవుతాయి. అలాగే బహిరంగ మూత్రవిసర్జన ఆపడానికి గోడ మీద అన్ని మతాల దేవుళ్ల పలకలు వరసగా అతికించేది ఎవరి సలహాతో? దాని వెనక ఆర్టిస్టూ లేడు, కళాదృష్టీ లేదు, పనిచేస్తుందన్న నమ్మకమే ఉంది. పనికొచ్చే బొమ్మ కావాలంటే నేనైతే బడి గోడలు చూపిస్తాను. మెట్ల మీద అంకెలు, కిటికీ ఊచల మీద పూసలు, తలుపు తెరుచుకునే చోట నేల మీద గీసిన కోణాలు, వరండా గచ్చు మీద జిల్లా పటం. పిల్లలు వాటి మీద నడుస్తారు, గంతులేస్తారు, రుద్ది రుద్ది అరగదీస్తారు. ఆ పిల్లలు ఏనుగుకు రెక్కలు పెట్టమంటే పెట్టాల్సిందే, ఒక్క పైసా అడగకూడదు. హెడ్‌మాస్టారు ఏనుగుకు యూనిఫాం వేయమంటే మాత్రం బిల్లు పుస్తకం తీయాలి.

రంగు అనేది చిన్న విషయం, దానికి లెక్కలూ బిల్లులూ ఏమిటని తేలిగ్గా తీసేసేవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉండకూడదు. గ్రామ పంచాయతీ భవనాలకు అప్పటి అధికార పార్టీ జెండా రంగులు వేసిన వ్యవహారం 2020లో హైకోర్టుకు వెళ్లింది, అక్కడ కాదంటే సుప్రీంకోర్టుకు వెళ్లింది, అక్కడా కాదన్నారు, రంగులు తీసేయాల్సి వచ్చింది. వేయడానికి ఒక ఖర్చు, తీయడానికి ఇంకో ఖర్చు. బ్రష్ పట్టినవాడి కూలి ఎంతో గానీ, ఆ రంగు వేద్దామన్న అభిప్రాయానికి అయిన ఖర్చు ముందు అది ఏపాటిది? సలహాకే బిల్లు పడాలన్న నా వాదనకు కోర్టు నుంచి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వమే అమర్‌నాథ్ సెహగల్ చేత పెద్ద కంచు కుడ్యశిల్పం చేయించింది. 1979లో భవనం మరమ్మతుల పేరుతో దాన్ని ఊడబెరికి గోదాములో పడేసింది. అంటే, దాని మీద అభిప్రాయం మారింది. సెహగల్ కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద సృష్టికర్తకు పని అమ్మేసిన తర్వాత కూడా కొన్ని హక్కులుంటాయని చెప్పి, మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగిచ్చి, 5 లక్షల రూపాయలు కట్టమంది. ప్రభుత్వం అభిప్రాయం మార్చుకున్న 26 ఏళ్లకు వచ్చిన బిల్లు అది. నేను కోరుతున్నది అదే బిల్లు, కాస్త త్వరగా.

బొమ్మ ఉచితంగా ఇస్తే ఆర్టిస్టు మునిగిపోడా అని భయపడే లాయర్లకు అదే చట్టంలో 17వ సెక్షన్ చూపిస్తాను. ఒకరు డబ్బిచ్చి అడిగి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం రాసుకోకపోతే, మొదటి కాపీరైట్ వేయించుకున్నవాడిది. డబ్బే ఇవ్వకపోతే? హక్కు వేసినవాడి దగ్గరే ఉంటుంది. ‘మంచి పేరొస్తుంది, ఈసారికి ఊరికే వేసిపెట్టు తమ్ముడూ’ అనే పెద్దమనుషులు చట్టం ముందు తమ చేతులతో ఏం వదులుకుంటున్నారో వాళ్లకు తెలియదు. నా పద్ధతిలో ఆర్టిస్టు బొమ్మ ఊరికే ఇస్తాడు, హక్కు తన దగ్గర పెట్టుకుంటాడు, సలహాల మీద బతుకుతాడు. ఇంతకన్నా పకడ్బందీ వ్యాపారం నాకు తట్టడం లేదు.

ఇక ఈ కాలపు అభ్యంతరం: ఆర్టిస్టే ఎందుకు, ఏఐ క్షణంలో వేసి ఇస్తుంది, ఎన్నిసార్లు మార్చమన్నా విసుక్కోదు. నాకు ఇంతకన్నా గట్టి సాక్షి దొరకదు. 2025 మార్చిలో ఊరూవాడా తమ ఫొటోలను ఏఐ చేత గిబ్లీ అనే జపాన్ కార్టూన్ల తరహా బొమ్మలుగా మార్చుకున్నారు గుర్తుందా? ఎమ్మెల్యేలు, ఐపీఎస్‌లు, పెళ్లివారు, పెంపుడు పిల్లులు, అందరూ ఒకే గుండ్రటి బుగ్గలతో దిగారు. బొమ్మ ఖరీదు సున్నాకు పడిపోయింది. పడిపోయాక మిగిలిందేమిటి? అభిప్రాయం. జనం రాత్రింబవళ్లు అభిప్రాయాలు టైపు చేశారు: ఇంకాస్త సన్నగా, జుట్టు ఒత్తుగా, వెనకాల వాన, కాదు వాన తీసేయి, గొడుగు ఉంచు. చివరికి ఆ ఏఐని నడిపే కంపెనీ పెద్దే తమ గ్రాఫిక్ చిప్పులు కరిగిపోతున్నాయని మొత్తుకుని, ఎవరెన్ని అడగొచ్చో తాత్కాలికంగా హద్దు పెట్టాడు. విసుగు లేని యంత్రం కూడా సలహాల ధాటికి ఆగలేక రేషను పెట్టింది. రక్తమాంసాలున్న ఆర్టిస్టు, అద్దె కట్టుకునేవాడు, వెన్నునొప్పి ఉన్నవాడు, ఇన్నాళ్లు ఆ పనిని ఊరికే చేశాడంటే అతనికి సన్మానం చేయాలి. సన్మాన పత్రం మీద బొమ్మ కూడా అతన్నే వేసుకోమంటారు, అది వేరే సంగతి.

ఆచరణలో చిక్కులు లేవనను. సలహాకు డబ్బంటే జనం సలహాలు మానేసి, బొమ్మను చూసి మూతి మాత్రం ఒకవైపుకు తిప్పి ఊరుకోవచ్చు. మూతి తిప్పడానికి సగం రేటు వేయాలి. పదిమంది కలిసి ఒకే సలహా ఇచ్చి ఖర్చు పంచుకోవచ్చు. అప్పుడు ఆ పదిమందీ ముందు ఒక మాట మీదకి రావాలి, వాళ్లు వచ్చేలోపు ఆర్టిస్టు ఇంకో రెండు పనులు పూర్తి చేసుకుంటాడు. ఆదాయపు పన్ను విషయంలో దిగులు అక్కర్లేదు. పరిమితి దాటాక వృత్తి సేవల ఫీజులోంచి పది శాతం టీడీఎస్ కోస్తారు కదా, ప్రతి అభిప్రాయమూ ఆర్టిస్టును చేరేసరికి ఆ మేరకైనా చిక్కుతుంది. పేద కస్టమర్ల మాటేమిటని అడిగేవాళ్లకు, పేదవాళ్లు ఎప్పుడూ ఒకే కరెక్షను చెబుతారని, అది కూడా పేరులో అక్షరదోషం గురించేనని మనవి. అది సలహా కాదు, ఉపకారం.

ఈ పట్టికలో ఎక్కడా ఇమడని తరగతి ఒకటి మిగిలింది. ‘మీ ఇష్టమండీ, మీరు ఆర్టిస్టు, మాకేం తెలుసు’ అనేవాళ్లు. కొత్తగా వృత్తిలోకి వచ్చిన కుర్రాళ్లు ఈ మాటకు పొంగిపోయి, రాత్రంతా కూర్చుని తమ జీవితంలో ఉత్తమమైన బొమ్మ వేస్తారు. పొద్దున అది చూసి ఆ పెద్దమనిషి చాలా సేపు మౌనంగా ఉండి, ‘బాగుంది... కానీ’ అంటాడు. ఆ ‘కానీ’ తర్వాత వచ్చేదానికి పచ్చళ్ల కంపెనీ రెండు నెలలు చాలవు. ఏం కావాలో తెలిసినవాడి సలహాలకు ఎక్కడో ఒకచోట చివర ఉంటుంది. ఏం వద్దో బొమ్మ చూశాక మాత్రమే తెలిసేవాడికి అది ఉండదు. అతను బొమ్మలు కొనడం లేదు, తన మనసును తాను కనుక్కునే ప్రయాణానికి ఆర్టిస్టును కూలికి పెట్టుకున్నాడు. ఇలాంటివాళ్ల దగ్గర ఏడాదికి సరిపడా సలహాల డబ్బు ముందే కట్టించుకోవాలి, వెనక్కివ్వబడదని రసీదు మీద రాయించాలి. పెన్సిలు చెక్కుకోవడం ఆ తర్వాత చూసుకోవచ్చు.